అనామతు

విశ్వాసానికి మారుపేరు కుక్క అని చిన్ననాటి పాఠ్యపుస్తకాలలో మనమందరం చదువుకొన్నాము. అదే నోటితో 'కుక్క బతుకు' అనీ, 'కుక్క తోక వంకర' అనీ, 'కుక్క కాటుకు చెప్పుదెబ్బ' అనీ దానిని తక్కువచేసి మాట్లాడడమూ నేర్చుకొన్నాము. ఉర్దూ విభాగపు మిత్రులు పత్రస్ బుఖారీ గారి 'కుత్తే' అనే హాస్యవ్యాసం చదివి, అర్ధరాత్రి వీధికుక్కలు ముషాయరా జరిపే ఘట్టానికి కడుపుబ్బ నవ్వుకొని ఉంటారు. తెలుగు విభాగపు మిత్రులకు తిక్కన గారి భారతం చివర, తన వెంట నడచి వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ తెలిసినదే. మేమూ నవ్వాము, మేమూ చదివాము. అయితే విశ్వాసం అనే మాట మా ఇంట పరీక్షకు వచ్చిననాడు తప్పిన వారము మేమే. ఆ సంగతి కళాశాల వార్షిక సంచికకు వ్రాయడానికి మొదట సిగ్గుపడ్డాము. దాచుకొనుటకంటె వ్రాయడమే మేలని పిమ్మట తోచింది.

'మేము' అంటే అన్నాచెల్లెళ్ళం ఇద్దరం. అన్న వాణిజ్యశాస్త్ర విద్యార్థి. చెల్లెలు జంతుశాస్త్ర విద్యార్థిని. మా ఇల్లు విశాఖపట్నం పాతనగరంలో, ఫిషింగ్ హార్బరుకు నడిచిపోగల దూరంలో ఉన్నది. మా అబ్బా హార్బరులో ఐసు పని చేస్తారు. కర్మాగారం నుండి లారీలో వచ్చిన ఐసు దిమ్మలను మరలో వేసి పొడిచేసి, వేటకు బయలుదేరే మరపడవలకు అందించడం ఆయన వృత్తి. కనుక చిన్ననాటి నుండి ఆ జెట్టీలే మాకు ఆటస్థలాలు. అక్కడ నిలబడి చూస్తే ఎదుట డాల్ఫిన్స్ నోస్ కొండ; ఇవతల పాతనగరపు మూడు గుట్టలు. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం, ఒకదానిపై రాస్ హిల్ చర్చి, మరొకదానిపై హజ్రత్ ఇసాక్ మదీనా దర్గా. 1933లో ఈ రేవు తెరచిన నాటి నుండి ఎన్ని ఓడలు ఆ మూడింటి ముందుగా సాగిపోయినవో లెక్కలేదు. 2023 నవంబరు 19 రాత్రి చెలరేగిన మంటలలో పదుల కొద్దీ మరపడవలు కాలిపోయినది కూడ ఈ హార్బరులోనే. ఆ దుర్ఘటన నుండి తేరుకొని, తెల్లవారుజామున వేలం పాటలు, తట్టలలో వంజరాలు, చందువలు, కానాగంతలు, రొయ్యలు, వాటి చుట్టూ కాకులు, కొంగలు, కుక్కలు — ఇదీ మా నిత్యదృశ్యం.

హార్బరు కుక్కలను గురించి ఒక మాట చెప్పాలి. అవి అనాథలని అనుకోవడం పొరపాటు. ఏ జెట్టీ ఏ గుంపుదో వాటికి స్పష్టంగా తెలుసు. ఏ పడవ ఎప్పుడు వచ్చేది, ఏ అక్క చేప కోస్తూ తలను విసరివేసేది, ఏ మామ కర్ర విసరేది, అన్నీ వాటికి కంఠస్థం. కొన్నింటికి ఒక చెవి చివర చిన్న కోత కనబడుతుంది. సంతాననిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే విడిచిపెట్టారనడానికి అది గుర్తు. 2001లో కేంద్రప్రభుత్వం చేసిన నిబంధనలు, వాటి స్థానే వచ్చిన 2023 నిబంధనలు నిర్దేశించిన పద్ధతి అది. ఆ కుక్కల బ్రతుకు కష్టమైనదే. కాని అది వాటికి తెలిసిన బ్రతుకు.

2025 జనవరిలో, సంక్రాంతి సెలవుల తరువాత, ఆ గుంపుల నడుమ ఒక తెలియని జీవి కనబడింది. గోధుమ వన్నె దేహం, పొట్టి కాళ్ళు, నేలను తాకే చెవులు. ఒళ్ళంతా జుట్టు చిక్కుపడి, డీజిలు, చేపనీరు కలిసి అట్టకట్టి ఉన్నది. చేపల గంప దించుకొంటున్న ఒక అవ్వ దానిని చూచి, "ఓలమ్మో, ఈ చెవులేటమ్మా, నేల ఊడ్చేస్తన్నాయి!" అని ముక్కున వేలు వేసుకొన్నది. అది కాకర్ స్పానియల్ జాతి కుక్క. ముందురోజు రాత్రి ఎవరో కారులో వచ్చి గేటు దగ్గర దింపి వెళ్ళిపోయారని కావలివాడు చెప్పాడు. చేపలు దొరికే చోట విడిస్తే ఆకలికి చావదని ఆ యజమాని తన మనస్సుకు సమాధానం చెప్పుకొని ఉండవచ్చు. కాని ఆ కుక్కకు పచ్చిచేప తినడం తెలియదు. తెలిసినా తక్కిన కుక్కలు తిననీయవు. ఏ జెట్టీ మీద అడుగుపెట్టినా తరుముతూనే ఉన్నవి. చివరకు అది మా అబ్బా ఐసు మర క్రిందకు చేరి, కరగి కారే చన్నీళ్ళ ప్రక్కన పడుకొన్నది. అబ్బా ఒక పగిలిన ప్లాస్టిక్ డబ్బాలో మంచినీళ్ళు పోసి దాని ముందు పెట్టారు. తోటి పనివారు పరిహాసం చేస్తే, "దాహం వేస్తే దానికీ గొంతు ఎండుతుంది కదా" అని మాత్రం అన్నారట.

మూడవనాడు జంతు సంరక్షణ కేంద్రం వారు వచ్చి దానిని తీసుకొని వెళ్ళారు. మన దేశంలో ఇటువంటి సేవకు చరిత్ర ఉన్నది. నాట్యకళాకోవిదురాలు రుక్మిణీదేవి అరండేల్ గారు రాజ్యసభలో పట్టుబట్టిన ఫలితంగా 1960లో జంతుహింసా నివారణ చట్టం వచ్చింది. మద్రాసులో బ్లూ క్రాస్, 1992లో అక్కినేని అమల గారి పూనికతో హైదరాబాదు బ్లూ క్రాస్, 1996లో మన విశాఖలో విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ ఏర్పడినవి. పెంపుడు జంతువును ఆకలిదప్పులకు గురి అయ్యేలాగున విడిచిపెట్టడం ఆ 1960 చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకు అందులో వ్రాసిన జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయల వరకు! హార్బరు గేటు దగ్గర కారు ఆపిన ఆ మనిషి పట్టుబడినా, టీ, టిఫిను ఖర్చుతో బయటపడేవాడు.

ఆ కుక్క మా కంటికి ఇంపుగా తోచినమాట వాస్తవం. ఆ పెద్ద కళ్ళు, ఆ చెవులు మరచిపోలేకపోయాము. ఫిబ్రవరి 15న కేంద్రానికి వెళ్ళి అడిగాము. వారు ఇల్లు చూచారు. పెద్దల సమ్మతి అడిగారు. పత్రం మీద సంతకాలు తీసుకొన్నారు. డబ్బు అడగలేదు. టీకాలు వేశామనీ, శస్త్రచికిత్స చేశామనీ, వయస్సు ఆరేళ్ళు ఉండవచ్చుననీ, అనేక పర్యాయాలు పిల్లలను కన్నదని పొదుగు చూస్తే తెలుస్తున్నదనీ అక్కడి వైద్యుడు చెప్పారు. పిల్లలను అమ్ముకొన్నంతకాలం అమ్ముకొని, ఈతలు ఉడిగిన తరువాత తల్లిని వదిలించుకొన్నారని ఆయన ఊహ. చెవులు రెండూ పుండ్లు పడి ఉన్నవనీ, మందు చాలాకాలం వేయవలసి ఉంటుందనీ కూడ ఆయన చెప్పారు. మేము తల ఊపాము. విన్నామా అంటే, చెవిన పడింది, మనస్సుకు ఎక్కలేదు. పట్టువంటి జుట్టు ఉన్నదని 'రేష్మీ' అని పేరు పెట్టాము. తీరా తెచ్చేనాటికి వైద్యుడు ఆ జుట్టంతా గొరిగించివేశాడు. పేరు మాత్రం నిలిచింది.

మా ఇంట అసలు చిక్కు దాదీమాతో వచ్చింది. అబ్బాను కన్నతల్లి ఆమె. ఐదుపూటల నమాజు తప్పని మనిషి. కుక్క ఉన్న ఇంట దేవదూతలు అడుగుపెట్టరని, కుక్క నోరుపెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలని పెద్దలు చెప్పిన మాటలు ఆమెకు ప్రాణసమానం. వేటకు, కాపలాకు, మందలకు కుక్కను ఉంచుకోవచ్చుననే అనుమతి ఉన్నదని మేము వాదించబోయాము. "ఇది ఏ మందను కాస్తుంది? మీ అబ్బా ఐసును కాస్తుందా?" అని ఆమె అడిగింది. ఈ విషయంలో పండితులలో అభిప్రాయభేదాలు ఉన్నవి; వాటిని తీర్చే అర్హత మాకు లేదు. మా ఇంట తీర్పు మాత్రం అమ్మీ చెప్పింది: రేష్మీ వసారాలోనే ఉండాలి, గడప దాటి లోనికి రాకూడదు, దాని గిన్నె వేరు, గుడ్డ వేరు, దానిని తాకిన చేతులు కడుగుకొని గాని ఎవరూ లోనికి రాకూడదు.

విచిత్రమేమంటే, ఆ గీత ఎక్కడ ఉన్నదో రేష్మీకి రెండు రోజులలో తెలిసిపోయింది. గడప మీద గడ్డం ఆనించి, ముందు కాళ్ళు రెండూ చాచి పడుకొనేది. అంగుళం కూడ లోనికి జరిగేది కాదు. స్పానియల్ వంశం పొదలలోని పక్షులను లేపి, వేటగాడు కొట్టినదానిని పంటిగాటు పడకుండా నోటకరచి తెచ్చేందుకు పెంచిన వంశం. వుడ్‌కాక్ అనే పక్షి వేటకు వాడినందువలననే కాకర్ అనే పేరు. మా వసారాలో పక్షులు లేవు గనుక, రేష్మీ చెప్పులు తెచ్చేది. ఒకనాడు దాదీమా చెప్పును ఎంతో మర్యాదగా, చిన్న గాటు కూడ పడకుండా, తడితడిగా తెచ్చి గడప ముందు పెట్టింది. దాదీమా ఆ చెప్పును 'ఏక్, దో, తీన్' అని బిగ్గరగా లెక్కపెడుతూ ఏడుసార్లు కడిగింది. వీధి వీధంతా ఆ లెక్క విన్నది. అయినా ఆనాడు ఆమె కేకలు వేయలేదు. రంజాను మాసంలో సహరీకి లేచినప్పుడు వసారాలో తోక ఆడిన చప్పుడు వినబడితే, "ఇదీ లేచింది" అని గొణుగుకొనేది.

ఇక చెవుల సంగతి. మనిషి చెవిరంధ్రం దాదాపు తిన్నగా లోనికి పోతుంది. కుక్క చెవి కాలువ మొదట క్రిందికి దిగి, ఆ పిమ్మట లోనికి మలుపు తిరుగుతుంది. నిలువు చెవుల కుక్కకు గాలి తగిలి తడి ఆరుతుంది. స్పానియల్‌కు ఆ కాలువపై బరువైన చెవి తలుపువలె మూసుకొని ఉంటుంది. లోపల వెంట్రుకలు కూడ ఎక్కువ. సముద్రతీరపు ఉక్కలో ఆ చీకటి తడిలో బూజు, సూక్ష్మజీవులు పెరుగుతవి. చీము పడుతుంది, దుర్గంధం వస్తుంది. నిర్లక్ష్యం చేస్తే కాలువ గోడలు గట్టిపడి మూసుకొనిపోతవి. అంటే, మనిషి తన కంటికి ముచ్చటగా ఉండాలని తరతరాలుగా పెంచిన చెవులే దాని రోగానికి నెలవులైనవి. ఆ అందాన్ని కోరినదీ మనిషే. ఆ వాసన భరించలేక వీధిలో విడిచేదీ మనిషే.

మేము వారానికి మూడుసార్లు చెవులు శుభ్రం చేసి, పూటకు ఇన్ని చుక్కలని మందు వేశాము. మొదటి నెల ఉత్సాహంగా సాగింది. రెండవ నెలలో ఒకరు మరచిపోతే మరొకరు గుర్తుచేయడం, ఇద్దరం మరచిపోయి ఒకరినొకరు నిందించుకోవడం మొదలైంది. ఏప్రిల్‌లో వాసన మళ్ళీ వచ్చింది. కొత్త మందు వ్రాశారు. దాని వెల వారానికి నాలుగు వందల రూపాయలు.

సరిగా అప్పుడే వేట నిషేధం వచ్చింది. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, చేపలు గ్రుడ్లు పెట్టే ఆ 61 రోజులు, మరపడవలు సముద్రంలోకి పోరాదు. పడవలు జెట్టీకి కట్టివేస్తే ఐసు ఎవరికి కావాలి? నిషేధకాలపు భృతి పడవ ఎక్కి వేటకు పోయేవారికి ఇస్తారు. ఒడ్డున ఐసు కొట్టేవారికి రాదు. అబ్బా రోజుకూలికి సిమెంటు బస్తాలు మోయడానికి వెళ్ళసాగారు. ఇంట కూర తగ్గింది. ఎవరూ మమ్ములను ఏమీ అనలేదు. అన్న తన లెక్కల పుస్తకంలో ఒక పేజీకి గీత గీసి, ఒక ప్రక్క ఆదాయం, ఒక ప్రక్క వ్యయం వేసి, రేష్మీ మందు దగ్గర ఎర్రసిరాతో చుట్టాడు. చెల్లెలు శాస్త్రీయంగా ఆలోచించి, "అక్కడైతే వైద్యుడు దగ్గరలో ఉంటాడు, దానికే మేలు" అన్నది. ఇద్దరి తెలివీ కలిసి ఒక్క నిర్ణయానికి వచ్చింది. దాదీమా అప్పుడు అనకాపల్లిలో మా ఫూఫీ ఇంట ఉన్నది. తిరిగి వచ్చి చూస్తే ఆమె సంతోషిస్తుందనీ అనుకొన్నాము.

మే 5న ఆటోలో తీసుకొని వెళ్ళాము. రేష్మీ గాలికి చెవులు ఎగురుతుండగా దారి పొడుగునా సంతోషంగా బయటకు చూచింది. కేంద్రంలో ఒక నడివయస్సు ఆమె గిన్నెలు కడుగుతున్నది. మమ్ములను చూచి, కుక్కను చూచి, "ఏటి బాబూ, దీన్ని మళ్ళీ ఒగ్గేసినారా?" అన్నది. ఆ 'మళ్ళీ' అన్న మాట మాకు అర్థం కాలేదు. ఆమె చేతులు తుడుచుకొని రిజిస్టరు తెచ్చింది. వచ్చిన తేదీ, దొరికిన చోటు, వెళ్ళిన తేదీ, వాపసు — అని నాలుగు గళ్ళు. రేష్మీ వరుసలో మా సంతకానికి పైన, జనవరి 29న ఒక ఇంటికి వెళ్ళినట్లు, ఫిబ్రవరి 3న వాపసు వచ్చినట్లు వ్రాసి ఉన్నది. కారణం: వాసన. దాని క్రింద మేము కారణం వ్రాయవలసి వచ్చింది. అన్న కలం పట్టుకొని కొంతసేపు ఆలోచించి, 'ఆర్థిక ఇబ్బంది' అని వ్రాశాడు. ఆమె ఏమీ అనలేదు. త్రాడు అందుకొని లోనికి నడిచింది. రేష్మీ రెండడుగులు వేసి ఆగి, మేము వస్తున్నామా అని వెనుకకు చూచింది. మేము రిజిస్టరు వైపు చూచాము.

మే 9 శుక్రవారం ఉదయం దాదీమా తిరిగి వచ్చింది. వసారాలో ఖాళీ గిన్నె చూచింది, ఏమీ అడుగలేదు. స్నానం చేసి, శుక్రవారం ఎన్నడూ విడువని సూరె కహఫ్ పారాయణకు కూర్చున్నది. ముగించి, ఖురాను గ్రంథాన్ని గుడ్డలో చుట్టి పైన పెట్టి, అప్పుడు మమ్ములను పిలిచింది.

"కుక్క ఏది?"

చెప్పాము. ఆమె సంతోషిస్తుందనుకొన్న ముఖం ముడుచుకొన్నది.

"తేవద్దని చెప్పాను. తెచ్చిన తరువాత వదిలేయమని చెప్పానా?"

మేము డబ్బు సంగతి, మందు సంగతి, వైద్యుని సంగతి చెప్పాము. ఆమె అన్నీ విన్నది. "దేవుడు మనల్ని అడిగేది అది శుభ్రమైనదా కాదా అని కాదు. ఎవరి చేతికి అప్పగించాను, వారు ఏమి చేశారు అని. అది అమానత్" అన్నది. ఆ పిమ్మట కొంచెం మెత్తబడి, తాను చదివిన అధ్యాయంలోని కథ చెప్పింది. ధర్మం కోసం ఊరు విడిచి గుహలో తలదాచుకొని ఏళ్ళతరబడి నిద్రపోయిన యువకుల కథ అది. మనలో చాలమందికి తెలిసినదే. వారి కుక్క గుహ గడపలో ముందు కాళ్ళు చాచి పడుకొన్నది. ఆ యువకులు ఎందరని జనం వాదులాడుకొంటారట: ముగ్గురనీ, ఐదుగురనీ, ఏడుగురనీ. "లెక్క ఎవరు ఎలా చెప్పినా, కుక్కను మాత్రం ఎవరూ లెక్కలోనుంచి తీసివేయలేదు. అరవై ఏళ్ళుగా చదువుతున్నాను. మీ పుస్తకంలో మీరు తీసివేశారు."

ఆ రాత్రి అన్న తన వాణిజ్యశాస్త్ర పుస్తకం తెరచి కూర్చున్నాడు. ఉర్దూలోని 'అమానత్' తెలుగులోకి వచ్చి, అక్షరాలు అటు ఇటై 'అనామతు' అయినది. మన పెద్దలు ఒకరు నమ్మి దాచిన సొమ్మును అనామతు అన్నారు. గణకశాస్త్రంలో అనామతు ఖాతా అని ఒకటి ఉన్నది. ఏ పద్దుకు చెందుతుందో ఇంకా తేలని మొత్తాన్ని తాత్కాలికంగా అందులో వ్రాస్తారు. ఎన్నడో ఒకనాడు దానిని సరియైన పద్దుకు చేర్చి ఆ ఖాతాను మూసివేయాలి. లేకుంటే ఆ లెక్క పూర్తి అయినట్లు కాదు. సంరక్షణ కేంద్రంలోని ప్రాణులన్నీ అటువంటి అనామతు పద్దులే. మేము ఒక పద్దును మా ఖాతాలోకి తెచ్చుకొని, బరువు తోచగానే తిరిగి అనామతులో పడవేశాము. ఆ మాట ఎరిగిన వాణిజ్య విద్యార్థి చేసిన పని అది!

మరునాడు వెళ్ళాము. రేష్మీ పరుగెత్తుకొని వస్తుందని ఆశపడ్డాము. రాలేదు. లేచి, నెమ్మదిగా వచ్చి, చేతులు వాసన చూచి, కొంత దూరంలో కూర్చున్నది. ఆ నడివయస్సు ఆమె, "ఈసారి ఇస్తే మరి తేకండి బాబూ. తెచ్చినా నాను రాయను" అన్నది. ఆమె అన్నదానిలో న్యాయమున్నది. 'అక్కా, తేము' అని చెప్పి, మూడవసారి గడిలో సంతకం చేశాము. ఆటో పిలిస్తే రేష్మీ నేలకు కరచుకొని కూర్చున్నది. ఆటో ఎక్కితే ఎక్కడికి పోతుందో దానికి తెలుసు. చివరకు ఎండలో, నీడ ఉన్నచోటల్లా ఆగుతూ, దాదాపు రెండు గంటలు నడిచి ఇంటికి చేరాము. ఇప్పటికీ అది ఆటో ఎక్కదు. వైద్యుని వద్దకు కూడ నడిపించుకొనే పోతాము. మా క్షమాపణ దానికి అర్థమయ్యే భాషలో మాకు రాదు గనుక, ఆ నడకనే శిక్షగా స్వీకరించాము.

డబ్బు ఎక్కడి నుండి వచ్చిందని మీరు అడుగవచ్చు. ఆకాశం నుండి రాలేదు. అన్న సాయంకాలాలు ముగ్గురు పిల్లలకు లెక్కలు చెప్పసాగాడు. ప్రభుత్వ పశువైద్యశాలలోని వైద్యుడు, ఖరీదైన మందుకంటె క్రమం తప్పని శుభ్రత ముఖ్యమని చెప్పి, చెవి ఎట్లు కడగాలో, ఎట్లు ఆరబెట్టాలో చెల్లెలి చేత చేయించి చూపించారు. నిషేధం మరపడవలకే గాని తెప్పలకు, చిన్న నాటుపడవలకు లేదు. అవి తెచ్చే చిన్నచేపలు అమ్మే పొరుగు అవ్వ మిగిలినవి ఇచ్చేది. అమ్మీ ఉడికించి ముళ్ళు తీసి అన్నంలో కలిపేది. తిండికీ చెవికీ ఒకే గోడమీద కేలెండరు వేలాడదీశాము. పని చేసినవారు గీత పెట్టాలి. మరచిపోయిననాడు ఆ ఖాళీ గడి అందరికీ కనబడుతుంది. జూన్ నాటికి వాసన తగ్గింది. కుడిచెవి పూర్తిగా మానింది. ఎడమచెవికి జీవితాంతం కాపలా అవసరమని చెప్పారు.

జూన్ 14 అర్ధరాత్రి నిషేధం ముగిసింది. ఆ రాత్రి హార్బరు చూడదగినది. అరవై ఒక్క రోజులు ఒకే చోట ఊగిన పడవలకు పసుపు, కుంకుమ, పూలమాలలు, గంగమ్మకు కొబ్బరికాయలు, ఇంజన్ల హోరు. అబ్బా ఐసు మర సాయంకాలం నుండి ఆగలేదు. రేష్మీని త్రాడుతో పట్టుకొని వెళ్ళాము. అది ఆ గేటు దగ్గర, ఏ చోట దానిని దింపి పోయారో ఆ చోట, కాసేపు ఆగి నేల వాసన చూచింది. మాకు గుండె దడదడ కొట్టుకొన్నది. తరువాత త్రాడును తానే లాగుతూ ఐసు మర దగ్గరకు పోయి, చన్నీళ్ళు కారేచోట పడుకొన్నది. జెట్టీ కుక్కలు దూరం నుండి మొరిగి ఊరుకొన్నవి.

మిత్రులారా, ఈ వ్యాసం చదివి మీలో ఎవరికైనా కుక్కను పెంచుకోవాలనిపిస్తే, కొనక, సంరక్షణ కేంద్రానికి వెళ్ళి చూడుమని మా మనవి. అయితే కళ్ళను చూచి ముగ్ధులు కావద్దు, మేము అయినాము. ఈ జాతి కుక్క పన్నెండు, పదునాలుగేళ్ళు బ్రతుకుతుంది. మీ చదువు ముగిసి, ఉద్యోగం వచ్చి, వివాహమైన తరువాత కూడ దానికి వారానికొకసారి చెవి చూడవలసి ఉంటుంది. ఏటా రేబీస్ టీకా వేయించవలసి ఉంటుంది. ఇంట వద్దనే పెద్దలుంటే ముందుగా వారిని ఒప్పించండి. వారి అభ్యంతరాన్ని మూఢత్వమని త్రోసివేయకండి. మా ఇంట వద్దన్న మనిషికే బాధ్యత తెలిసినది. కావాలన్న మాకు తెలియలేదు. తెచ్చుకోకపోవడం తప్పు కాదు. తెచ్చుకొని అప్పగించి రావడానికి ఎన్ని మంచి కారణాలు వ్రాసినా, రిజిస్టరులో అది ఒక్క గడిలోనే పడుతుంది.

రేష్మీ ఇప్పటికీ వసారాలోనే ఉన్నది. గడప దాటలేదు; దాటమని ఎవరూ పిలువలేదు. దాదీమా దానిని తాకదు. కాని శుక్రవారం పారాయణకు పూర్వం వసారాలోకి తొంగిచూచి, గిన్నెలో నీళ్ళు ఉన్నవో లేవో చూస్తుంది. లేకుంటే మమ్ములను కేకవేస్తుంది. మొన్న ఒకనాడు కుటుంబ వివరాలు వ్రాసుకొనడానికి వచ్చిన ఉద్యోగి వాకిట నిలిచి, "మీ ఇంట ఎందరమ్మా?" అని అడిగాడు. దాదీమా తలుపు చాటు నుండి సమాధానం చెప్పింది.

"ఐదుగురం బాబూ. ఆరవది గడపలో ఉంది, తొక్కకుండా రా."